పిష్టపురం ఎవరిది?

చరిత్రను ఉద్యోగం కోసం కాక ఇష్టంతో చదివేవాళ్లు తెలుగునాట ఎప్పుడూ ఉన్నారు. సెలవు దొరికితే పాత గుళ్లు చూసొచ్చే బ్యాంకు ఉద్యోగి, శాసన సంపుటాలు ముందేసుకుని పాత లిపి నేర్చుకున్న బడిపంతులు, డాలస్‌లో ఉండి వేంగి రాజుల వంశవృక్షం గీసుకునే ఇంజినీరు. వీళ్లందరినీ ఇవాళ సెల్‌ఫోను ఒకచోటికి చేర్చింది. కన్నడ, తమిళ, ఒడియా చరిత్రప్రియులూ వాళ్ల పక్కనే ఉన్నారు. ఇంతమంది ఒక్కచోట కూడితే ఎంతో పని జరగాలి. జరుగుతున్నది మాత్రం ఎక్కువగా ఒకే తగాదా: ఫలానా రాజు మావాడు, ఫలానా వంశం మాది, మీరు ఎత్తుకుపోయారు.

ఈ తగాదాల్లో అబద్ధాలు మనం అనుకున్నంత ఉండవు. కన్నడిగుడు చెప్పేదానికి శాసనాధారం ఉంటుంది, తెలుగువాడు చెప్పేదానికీ ఉంటుంది. ఒకరు మామూలుగా చెప్పిన విషయం రెండోవారికి అవమానంలా వినిపిస్తుంది. వేంగి చాళుక్యులు బాదామి నుంచి వచ్చినవారని ఒకరంటే, తెలుగువాళ్లకు సొంత రాజులే లేరన్నట్టు ఇంకొకరు వింటారు. కులోత్తుంగ చోళుడి తండ్రి రాజమహేంద్రవరంలో రాజ్యం చేశాడని తెలుగువాడంటే, చోళ వైభవంలో వాటా అడుగుతున్నాడని తమిళుడు అనుకుంటాడు. అక్కడి నుంచి మాట శాసనం మీద నిలవదు, మనుషుల మీదికి పోతుంది.

ఈ చిక్కంతా ఒక్క ఊళ్లో చూడాలంటే పిఠాపురాన్ని మించింది లేదు. శాసనాల్లో దాని పేరు పిష్టపురం. కళింగం పేరుతో ఒడియావారు, చాళుక్యుల పేరుతో కన్నడిగులు, చోళ సంబంధంతో తమిళులు, ఊరే తమది కాబట్టి తెలుగువారు, నలుగురూ ఈ ఊరిని తమ కథలో చేర్చుకోగలరు. నలుగురికీ ఎంతో కొంత ఆధారమూ ఉంది.

4వ శతాబ్దంలో సముద్రగుప్తుడి దండయాత్రను వర్ణిస్తూ హరిషేణుడు రాసిన ప్రయాగ ప్రశస్తిలో దక్షిణాపథ రాజుల వరసలో పిష్టపురపు రాజు కనిపిస్తాడు. అతని పేరు మహేంద్రుడా, మహేంద్రగిరా అన్న చర్చ పండితుల్లో వంద సంవత్సరాలకు పైగా నడిచింది. ఒకే సమాసాన్ని రెండు రకాలుగా విడదీయవచ్చు కనుక ఆ చర్చ వచ్చింది. ఆ తరువాతి కాలంలో మాఠర వంశపు శక్తివర్మ ఇచ్చిన రాగోలు తామ్రశాసనం పిష్టపురం నుంచే వెలువడింది. రాగోలు శ్రీకాకుళం దగ్గర ఊరు. శక్తివర్మ తనను కళింగాధిపతి అని చెప్పుకున్నాడు.

మొదటి పేచీ ఇక్కడే వస్తుంది. కళింగమంటే ఒడిశా కాబట్టి పిఠాపురం ఒడియా రాజుల పట్టణమని ఒకరంటారు. కాదు, మాఠరులు తెలుగువారని మరొకరు అంటారు. ఆ కాలపు కళింగం ఇవాళ్టి ఏ రాష్ట్రానికీ సరిపడదు. మహానదికీ గోదావరికీ మధ్య ఎవరి బలం ఎంతవరకు సాగితే అంతవరకు కళింగం. ఆ రాజుల శాసనాలు సంస్కృతంలో ఉన్నాయి. వాళ్లు ఇంట్లో ఏ భాష మాట్లాడుకున్నారో చెప్పే ముక్క ఒక్కటీ వాటిలో లేదు. శాసనం చెప్పని దాన్ని మన అభిమానం పూరిస్తోంది.

తరువాత వచ్చేది ఐహొళె. బాదామి చాళుక్య చక్రవర్తి రెండో పులకేశి విజయాలను జైనకవి రవికీర్తి శక సంవత్సరం 556లో, అంటే క్రీస్తుశకం 634లో, అక్కడి మేగుటి జినాలయం గోడ మీద చెక్కించాడు. పులకేశి పిష్టపురాన్ని పిండి కొట్టాడని ఊరి పేరు మీదే శ్లేష వేశాడు. కొల్లేటి నీళ్లు నెత్తురుతో ఎర్రబడ్డాయని కూడా రాశాడు. కర్ణాటకలో చదువుకున్న పిల్లవాడికి ఇది గొప్ప జైత్రయాత్ర. గోదావరి వాళ్లకు మన కోట కూలిన రోజు. ఆ శ్లోకాలు ఎవరు చదివినా కవిత్వం ఒకటే, చదివే మనసు ఉన్న గట్టు మాత్రం వేరు. ఈ తేడాను రెండు పక్షాలూ ముందే ఒప్పుకుంటే సగం రభస తగ్గుతుంది.

పులకేశి గెలిచిన నేలను తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడికి అప్పగించాడు. అతనితో తూర్పు చాళుక్య వంశం మొదలైంది. ఎక్కువమంది చరిత్రకారుల మాట ప్రకారం మొదట్లో అతని నివాసం పిష్టపురమే, పీఠం వేంగికి చేరింది ఆ తరువాత. అతని కొడుకు మొదటి జయసింహుడి కాలంలోనే విప్పర్లలో తెలుగు శాసనం పడింది. వచ్చి ఒక తరం తిరగకముందే నేల భాష శాసనానికి ఎక్కింది. రెండు వందల ఏళ్లు గడిచేసరికి గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగని అద్దంకి శాసనంలో ఏకంగా తరువోజ పద్యం కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి ఆస్థానంలో నన్నయ భారతం మొదలుపెట్టాడు.

అందుచేత వేంగి చాళుక్యులు కన్నడిగులా తెలుగువారా అని అడిగితే, ఏ తరం గురించి అడుగుతున్నారని ఎదురు అడగాల్సి ఉంటుంది. వంశం పడమటి నుంచి వచ్చింది. నాలుగు వందల ఏళ్లకు పైగా ఇక్కడ ఏలి, ఇక్కడి భాషను ఆస్థానంలో కూర్చోబెట్టింది. ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదు. కన్నడిగులు మొదటిది చెప్పి ఆపుతారు, మనం రెండోదానితో మొదలుపెడతాం.

ఆ రాజులు తమ గురించి ఏం చెప్పుకున్నారో చూడడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. దాన్నే తక్కువమంది చూస్తారు. 1011 నాటి విమలాదిత్యుడి రణస్థిపూడి శాసనంలో వంశకథ విస్తారంగా ఉంది. తాము చంద్రవంశీయులమనీ, పూర్వీకులు అయోధ్యలో ఏలారనీ అది చెబుతుంది. అందులో విజయాదిత్యుడనే రాజు దక్షిణానికి దండెత్తి వచ్చి త్రిలోచన పల్లవుడి చేతిలో చనిపోతాడు. గర్భవతి అయిన రాణి ముడివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఇంట తలదాచుకుని కొడుకును కంటుంది. ఆ కొడుకు వల్ల వంశం నిలుస్తుంది. ఇది చరిత్రగా నిలిచే కథ కాదు. అయినా ఆ రాజుల గర్వం ఎక్కడుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు. వాళ్ల గర్వం చంద్రుడి మీద, అయోధ్య మీద ఉంది. కన్నడం మీదా లేదు, తెలుగు మీదా లేదు. వాళ్ల తరఫున మనం పోట్లాడుకుంటున్న విషయం వాళ్లకు తట్టనే లేదు.

పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయంలోని శాసనస్తంభం దీనికి మరో రుజువు. శక 1108లో, అంటే 1186లో, వెలనాటి పృథ్వీశ్వరుడి తల్లి జయమాంబ నవఖండవాడ గ్రామాన్ని ఆ దేవుడికి ఇచ్చిన సందర్భంలో వేయించిన శాసనం అది. నవఖండ్రవాడ పేరుతో ఆ ఊరు ఇవాళ్టికీ పిఠాపురం పక్కనే ఉంది. హుల్ష్ దీన్ని ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ప్రకటించాడు. వెలనాటి ప్రభువుల గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఈ రాతి మీదే ఉంది. వెలనాడంటే గుంటూరు వైపు కృష్ణ ఒడ్డు నేల. మరి ఆ ప్రభువులు తమ మూలాన్ని ఎక్కడ చూపించారు? మధ్యదేశంలోని కీర్తిపురంలో, ఇంద్రసేనుడనే రాజు దగ్గర. అదే శాసనం వాళ్లు నాలుగో వర్ణంవారని దాపరికం లేకుండా చెబుతుంది. చోళ ప్రభువుల పేర్లను తమ పిల్లలకు పెట్టుకున్నారు, చాళుక్య చోళుల తరఫున వేంగిని ఏలారు. పదహారేళ్ల తరువాత శక 1124లో, పిఠాపురంలోనే చాళుక్య శాఖకు చెందిన మల్లపదేవుడి శాసనం పడింది. ఒకే ఊళ్లో, ఒకే తరంలో, రెండు వంశాలు తమ తమ పూర్వీకులను ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకుని రాళ్ల మీద నిలబెట్టాయి. ఆ రాళ్ల ముందు నిలబడి ఎవరు ‘అసలు’ ఆంధ్రులని అడిగితే జవాబు దొరకదు. అప్పటివాళ్లు ఆ ప్రశ్నకు జవాబు రాయలేదు.

తమిళుల సంగతి త్వరగా చెప్పవచ్చు. విమలాదిత్యుడు రాజరాజ చోళుడి కూతురు కుందవైని పెళ్లాడాడు. వాళ్ల కొడుకు రాజరాజనరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వీళ్లకు పుట్టినవాడు 1070లో కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. తండ్రి వైపు చూస్తే చాళుక్యుడు, తల్లి వైపు నుంచి రెండు తరాలుగా చోళుడు. అతని కళింగ విజయాన్ని తమిళంలో జయంగొండార్ పరణిగా పాడాడు. ద్రాక్షారామం గోడలు అతని కాలపు దానశాసనాలతో నిండిపోయాయి. చరిత్రకారులు ‘చాళుక్య చోళులు’ అనే మాట వాడింది ఇందుకే. ఆ జంటపేరు ఇద్దరికీ న్యాయం చేస్తుంది. రెండు సగాల్లో ఒకదాన్ని కొట్టేయాలని చూసేవారికి మాత్రం నచ్చదు.

ఇక ఈ గర్వం మనలో ఎప్పుడు పుట్టింది? తెలుగువాళ్ల చరిత్రను తెలుగులో రాయాలన్న పట్టుదల 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాలను మొదలుపెట్టాడు. పత్రికా రచయిత చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ 1910లో మొదలైంది. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి 900 ఏళ్లు నిండాయని ఆ ఏడాదే ప్రత్యేక సంచిక వేశారు. ఆ మండలి వెనుక ఉన్న భావరాజు వేంకట కృష్ణారావు వృత్తికి వకీలు. కోర్టు పని ముగించుకుని తామ్రశాసనాలు చదివాడు. ఇవాళ మనం అభిరుచి అంటున్నది వాళ్లకు జీవిత వ్రతం. ఆ గర్వం లేకపోతే ఆ పని జరిగేది కాదు. వలసపాలనలో చితికిన జనానికి మీకూ ఒక గతం ఉందని చెప్పాల్సిన అవసరం నిజంగానే ఉండింది. వాళ్లను ఇవాళ ‘ప్రాంతీయాభిమానులు’ అని తేల్చేయడం అన్యాయం.

పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూరు పెట్టిన ధనమూ ఈ ఉత్సాహంలోదే. ఆంధ్ర సాహిత్య పరిషత్తును ఆయన పోషించాడు. ఆయన పేరు మీదనే సూర్యరాయాంధ్ర నిఘంటువు వచ్చింది. పరిషత్తు సేకరించిన తాళపత్రాలు, తామ్రశాసనాలు కాకినాడ మ్యూజియంలో ఉన్నాయి. పరిషత్తును నడిపిన జయంతి రామయ్య పంతులు డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవాడు. తెలుగు శాసనాల సంపుటం ఒకదానికి సంపాదకుడు కూడా. వాడుకభాష మీద ఆయనతో జీవితమంతా తలపడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులు. ముఖలింగం శాసనాలను ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకున్నాడు. తెలుగును గురించి ఇంత గట్టిగా విభేదించిన ఇద్దరూ రాతి మీది అక్షరాన్ని సొంతంగా కూడబలుక్కుని చదివినవారే.

గర్వం ఎక్కడ గాయం చేస్తుందో గిడుగు జీవితంలోనే కనిపిస్తుంది. ఒడియా మాట్లాడేవాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమం బలపడ్డాక కళింగం ఎవరిదన్న ప్రశ్న పండితుల గదిలోంచి సరిహద్దు కమిటీల ముందుకు వెళ్లింది. రాజమండ్రి మండలి 1930లో రాళ్లబండి సుబ్బారావు సంపాదకత్వంలో ‘కళింగదేశ చరిత్ర’ను వెలువరించింది. విలువైన వ్యాసాలు అందులో ఉన్నాయి, కానీ అది వచ్చిన సమయాన్ని మరచి చదవలేం. అటువైపూ అదే పట్టుదలతో రాశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అటు పోయింది. కళింగాన్ని ఏలిన గంగరాజుల పాత రాజధాని ముఖలింగం ఇటు ఉండిపోయింది, వాళ్లు కట్టిన పూరీ గుడి అటు ఉంది. గిడుగు దశాబ్దాలు గడిపిన ఊరిని వదిలి రాజమహేంద్రవరం వచ్చేశాడు. సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన మనిషి ఆయన. సవరలు గీతకు రెండు వైపులా మిగిలారు. కళింగం ఎవరిదన్న వాదనలో వాళ్ల ఊసే లేదు.

రాజుల కోసం పోట్లాడుకోవడం మన ఒక్కరి జబ్బు కాదు. షార్లెమాన్ చక్రవర్తిని ఫ్రెంచివారూ జర్మన్లూ శతాబ్దాలుగా తమవాడన్నారు. అలెగ్జాండర్ నేల పేరు పెట్టుకున్నందుకు గ్రీసు పొరుగు దేశంతో 1991 నుంచి తగవు పడింది. 2018లో ఒప్పందం కుదిరి మరుసటేడు ఆ దేశం ఉత్తర మాసిడోనియాగా పేరు మార్చుకునేదాకా అది తెమలలేదు. అయితే మన దగ్గర ఒక అదనపు ఎరువు పడింది. ప్రాచీన భాష హోదా 2004లో తమిళానికి వచ్చింది. మరుసటేడు ఆ హోదాకు భాష వయసు పదిహేను వందల నుంచి రెండు వేల ఏళ్లు ఉండాలన్న గీటురాయి పెట్టారు. 2008 అక్టోబరు 31న తెలుగు, కన్నడాలకు కలిపి హోదా ప్రకటించారు. దాని మీద మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. అప్పటి నుంచి పాత శాసనం దొరికితే అందులో ఏముందన్న ఆసక్తి వెనక్కి పోయి, ఎన్నేళ్లది అన్నదొక్కటే మిగిలింది. రేనాటి చోళుల కలమళ్ల శాసనాన్ని క్రీస్తుశకం 575 ప్రాంతానిదని పదిమందికీ చెప్పేవాళ్లలో, అందులోని పంక్తులు చదివినవాళ్లు కొద్దిమంది. ఆ పంక్తుల్లోనే మన భాష తొలి నడక ఉంది. దానికన్నా తేదీ మీద ఎక్కువ మమకారం చూపిస్తే భాషను ప్రేమించినట్టు కాదు.

కృష్ణదేవరాయల పేరు ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. దాని మీద చెప్పడానికి కొత్తదేమీ లేదు. వంశం తుళువ. బిరుదుల్లో కన్నడరాజ్యరమారమణుడు. తెలుగులో కావ్యం రాశాడు. ఆయన కొలువులో కన్నడ కవి తిమ్మణ్ణ ఉన్నాడు. ఆ కావ్యం ఆముక్తమాల్యద అవతారికలో కృష్ణాతీరపు శ్రీకాకుళంలోని ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తాను తెలుగురాయణ్నంటాడు, రాయలను కన్నడరాయా అని పిలుస్తాడు. ఆ కావ్యం పేరు చెప్పి కన్నడిగులతో గొడవకు దిగేవారు ఈ పిలుపును దాటేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. రాయలు తనను తాను ఎలా పిలిపించుకున్నాడో అక్కడే రాసి ఉంది. అందులో తెలుగుకు తగ్గింది ఏమీ లేదు. కన్నడరాయడు ఏరికోరి తెలుగులో రాశాడంటే గొప్ప ఎవరికి?

ఈ గీతలు తెలుగువాళ్ల మధ్య కూడా ఉన్నాయి. నన్నయను ఆదికవిగా నిలబెట్టిన చరిత్రలో పాల్కురికి సోమనాథుడికి తగిన చోటు దక్కలేదన్న ఆవేదన తెలంగాణ రచయితలది. గోదావరి వైపు దాన్ని రాజకీయంగా తీసిపారేసినవాళ్లు ఉన్నారు. ఆ ఆవేదనలో న్యాయం ఉంది. కన్నడిగులు మన పేరు తీయకుండా చాళుక్యుల గురించి రాస్తే మనకు ఎలా ఉంటుందో, ఆంధ్రుల చరిత్ర పేరుతో వచ్చిన పుస్తకాల్లో తన ఊరు వెతుక్కుని దొరకక పుస్తకం మూసేసిన కరీంనగర్ పాఠకుడికీ అలాగే ఉంటుంది.

ఆ కరీంనగర్ వైపునే కుర్క్యాల ఉంది. దాని దగ్గర బొమ్మలమ్మగుట్ట మీద 10వ శతాబ్దపు శాసనం ఒకటుంది. వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. వాళ్ల పూర్వీకులది వేంగినాడు. పంపడు 941లో భారతాన్ని కన్నడంలో రాసింది వేములవాడ చాళుక్యుల కొలువులో, అంటే నేటి తెలంగాణలో. తమ్ముడు అన్న గొప్పతనాన్ని చెక్కించింది సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింట్లోనూ. అందులో తెలుగు కందపద్యాలు నన్నయకు వందేళ్ల ముందువి. ఈ ఒక్క కుటుంబాన్ని ఏ రాష్ట్రానికి రాసిస్తాం? 1053 నాటి నందంపూడి శాసనం కూడా అలాంటిదే. దాన్ని రచించింది నన్నయ. కోనసీమలోని ఆ గ్రామాన్ని దానం పుచ్చుకున్న నారాయణభట్టు భారత రచనలో నన్నయకు తోడ్పడినవాడు. సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్ర భాషల్లో కవిరాజశేఖరుడని నన్నయ అతన్ని మెచ్చుకున్నాడు. మన ఆదికావ్యం వెనుక నిలబడ్డ స్నేహితుడు కన్నడంలోనూ కవి. ఈ విషయం బడిలో చెబితే పిల్లలు చాలా తగాదాల్లోకి వెళ్లకుండానే పెద్దవాళ్లవుతారని నా నమ్మకం.

ఇంకో అపోహ కూడా తరచు వినిపిస్తుంది: మన చరిత్ర తెల్లవాళ్లు రాసింది, అందుకే పనికిరాదని. గుప్త శాసనాలను ఫ్లీట్, పిఠాపురం శాసనాలను హుల్ష్ ప్రకటించిన మాట నిజం. వాళ్ల వ్యాఖ్యల్లో తప్పులున్నాయి, అహంకారమూ కొన్నిచోట్ల ఉంది. కానీ వాళ్లు శాసనపాఠాన్ని పంక్తి పంక్తిగా అచ్చు వేశారు. హుల్ష్ దగ్గర పనిచేసిన వెంకయ్య లాంటి మనవాళ్ల కృషి ఆ సంపుటాల్లో ఉంది. తరువాత నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ ఆ పాఠాలనే తిరిగి చదివి ఎన్నో నిర్ణయాలు మార్చారు. పాఠం కళ్లెదుట ఉంటే ఎవరి తప్పయినా దిద్దవచ్చు. పాఠం లేకుండా చేతులు మారే రాతి ఫొటో కింద ‘మా రాజు’ అని రాస్తే దిద్దడానికి ఏమీ ఉండదు.

శాసనాలు ఎవరివన్న ఈ తగాదా ఇప్పుడు మళ్లీ ప్రభుత్వాల దగ్గరికి చేరుతోంది. దేశంలోని శాసనాల కాగితపు అచ్చుప్రతుల పెద్ద నిధి మైసూరులోని పురావస్తుశాఖ శాసనవిభాగంలో ఉంది. తమిళ శాసనాల ప్రతులను చెన్నైకి తరలించాలని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. తెలుగువాటిని మన దగ్గరికి తేవాలన్న కోరికా వినిపించింది. చదివేవాళ్లకు ప్రతులు దగ్గరగా ఉండాలన్నది సబబే, నేనూ దాన్నే కోరతాను. కానీ భాషల వారీగా కట్టలు విప్పి పంచితే కుర్క్యాల ప్రతి ఎక్కడికి పోవాలి? సంస్కృతంలో తమ వంశాన్ని మధ్యదేశంలో వెతుక్కున్న వెలనాటివారి శాసనం ఏ కట్టలో చేరాలి? ప్రతి అచ్చునూ స్పష్టంగా స్కాన్ చేసి, చదివిన పాఠంతో సహా, ధార్వాడలో ఉన్నవాడికీ తంజావూరులో ఉన్నవాడికీ బరంపురంలో ఉన్నవాడికీ పిఠాపురంలో ఉన్నవాడికీ ఒకేసారి అందేలా పెట్టమని అడగాలి. నాలుగు భాషల చరిత్రప్రియులూ ఒకే అర్జీ మీద సంతకాలు చేసి అడగదగిన పని ఇది.